అడవి పందిని మేపుతున్నది ఎవరి చేను?



మక్క కంకులు పాలు పోసుకునే రోజులొస్తే మా బడిలో పిల్లలు కూర్చున్న చోటనే నిద్రపోతారు. పోయిన వానకాలం ఏడో తరగతి పిల్లగాడొకడు మొదటి గంటలోనే బల్ల మీద తల వాల్చాడు. లేపి అడిగాను.

"రాత్రి నిద్ర పోలేదారా?"

"పందులకు కావలి వోయిన సార్. నాయిన ఒక గట్టు మీద, నేనొక గట్టు మీద. తెల్లారేదాంక డబ్బా కొట్టుకుంట కూసున్నం."

ఆ సాయంత్రం హాజరు పట్టీ ముందేసుకుని కూర్చున్నాను. ఆ నెలలో వారం దినాలకు మించి బడి తప్పిన పిల్లలెవరో పేరు పేరునా చూశాను. అందరూ మాదిగ వాడ, మాల వాడ, తండా పిల్లలే. చెరువు కింద పొలాలున్న ఇండ్ల పిల్లలు ఒక్కరూ లేరు.

అడవి పందికి కులం తెలుసా? తెలియదు. మరి అది మన పిల్లల చదువునే ఎందుకు తింటున్నది? పందికి కులం తెలియకపోయినా భూమికి తెలుసు. ఈ సంగతి చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఊరి పటం గీసి చూడండి

ఎవరి ఊరి పటం వాళ్ళు నేల మీద పుల్లతో గీయండి. చెరువు కింద తరి భూమి ఎవరిది? ఊరికి ఆనుకుని ఉన్న నల్లరేగడి ఎవరిది? దొరలది, పటేండ్లది. మరి మనకు సర్కారు ఇచ్చిన లావుని పట్టా భూమి ఎక్కడుంది? గుట్ట కింద, రాళ్ళ మధ్య, ఫారెస్టు హద్దురాయి పక్కన. 1973లో భూ గరిష్ఠ పరిమితి చట్టం వచ్చింది. దొరలు మంచి భూమిని బినామీ పేర్ల మీద దాచుకున్నారు. మనకు పనికిరాని పోరంబోకు పంచారు. మా నాయనకు వచ్చిన రెండెకరాలు అట్లాంటిదే. రాళ్ళు ఏరి ఏరి ఆయన చేతులు కాయలు కాసినయి. రాళ్ళు అయిపోయినంక పందులు వచ్చినయి.

వెనకటికి ఊరి బయట వాడ పెట్టి మనల్ని ఊరికి కంచె చేశారు. దొంగ వచ్చినా, పులి వచ్చినా, మహమ్మారి వచ్చినా మొదట మన గుడిసెకే. ఇప్పుడు అడవి అంచున పట్టా ఇచ్చి మన చేనును దొర చేనుకు కంచె చేశారు. పందుల గుంపు గుట్ట దిగితే మొదట తగిలేది మన మక్క, మన పల్లి, మన కంది. మన దగ్గర కడుపు నిండితే లోపలి పొలాల దాకా పోవలసిన పని దానికి లేదు. దొర పంట కొంత మిగిలిందంటే మన పంట పోయింది కాబట్టే. ఇది ఏ లెక్కల పుస్తకంలోనూ రాయరు.

తప్పు పందిదా?

కాదు. నేను జంతువుల మీద పగతో రాయడం లేదు. ఆకలికి కులమూ లేదు, జాతీ లేదు. ఆకలి సంగతి మనకన్నా ఎవరికి తెలుసు?

పంది ఒక ఈతకు నాలుగు నుంచి ఆరు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పిల్లల్ని పెడుతుంది. దాని సంఖ్యను అదుపులో పెట్టేవి పులి, చిరుత, రేసుకుక్క. అవి చాలా చోట్ల లేకుండా పోయాయి. అడవిలో దాని తిండి ఏమిటి? గడ్డలు, దుంపలు, ఇప్పపువ్వు, రాలిన పండ్లు. ఆ చెట్లను కొట్టి వరసలు వరసలుగా టేకు, నీలగిరి పెట్టింది ఎవరు? నీలగిరి తోటలో పందికి ఏం దొరుకుతుంది? అటు అడవిలో తిండి తగ్గింది, ఇటు అడవి అంచుదాకా మక్క చేండ్లు వచ్చాయి. మక్క చేను పందికి తిండీ పెడుతుంది, పగటిపూట దాక్కోను నీడా ఇస్తుంది. పంది చేసేది బతుకుదెరువు. పంది ఎందుకొచ్చిందని మనం అడగడం లేదు. దానికి పెట్టే తిండి ఖర్చు మన ఒక్కరి ఖాతాలోనే ఎందుకు రాస్తున్నారని అడుగుతున్నాం.

కాల్చినవాళ్ళు ఎవరు, కాపలా పడ్డది ఎవరి మీద?

ఈ దేశంలో జంతువుల్ని అంతం చేసింది బీదవాడి ఉచ్చు కాదు, రాజుల తుపాకీ. ఇంగ్లీషు దొరలు, నవాబులు, మహారాజులు పోటీలు పడి కాల్చారు. సుర్గుజా మహారాజు వెయ్యికి పైగా పులుల్ని కాల్చానని లెక్క చెప్పుకున్నాడు. మన విజయనగరం రాజకుమారుడు, 1936లో భారత క్రికెట్ జట్టుకు నాయకుడుగా ఇంగ్లండు పోయిన విజ్జీ, మూడు వందలకు పైగా కాల్చానని గొప్పలు పోయాడు. ఈ దేశపు చివరి చీతాలు మూడింటిని 1947లో కొరియా సంస్థానం రాజు కాల్చాడని చరిత్ర రాసింది.

తుపాకీ రాజుది. మరి అడవిలో జంతువును లేపి తుపాకీ ముందుకు తోలింది ఎవరు? మా తాత. నిజాం జమానాలో అధికారులు వేటకొస్తే మాదిగోళ్ళు డప్పులతో వెట్టికి పోవాల్సిందే. పులి తిరగబడితే డప్పు కొట్టేవాడి మీదనే పడేది. మంచె మీద కూర్చున్న దొర ఫోటో దిగేవాడు. ఆ ఫోటోల్లో మా తాత లేడు.

తర్వాత ఏమైంది? నిజాం వేట అడవి పాఖాల 1952లో అభయారణ్యం అయింది. అదే ఏడు కేంద్రంలో వన్యప్రాణి బోర్డు పెడితే దానికి మొదటి అధ్యక్షుడు మైసూరు మహారాజు. వేటగాళ్ళ వంశాలే రాత్రికి రాత్రి జంతు రక్షకులయ్యాయి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1973లో పులుల ప్రాజెక్టు వచ్చాయి. ఆ చట్టం అవసరమే, కాదనను. పులుల లెక్క 2006లో 1,411కు పడిపోయి 2022 నాటికి 3,682కు పెరిగిందంటే సంతోషమే. కాని కాల్చిన పాపం ఒకరిది, కాపలా శిక్ష ఇంకొకరిదా?

కూనో సంగతి వినండి. గుజరాత్ గిర్ సింహాలకు రెండో ఇల్లు కావాలని మధ్యప్రదేశ్‌లోని కూనో అడవిలోంచి 24 ఊళ్ళను ఖాళీ చేయించారు. ఆ ఊళ్ళలో ఎక్కువమంది సహరియా ఆదివాసీలు. సింహాలను ఇచ్చేది లేదని గుజరాత్ మొండికేసింది. ఇవ్వాల్సిందేనని 2013లో సుప్రీం కోర్టు చెప్పినా ఆ సింహాలు రాలేదు. ఊళ్ళు మాత్రం పోయాయి. చివరికి 2022 సెప్టెంబరులో ఆఫ్రికా నుంచి విమానంలో చీతాలను తెచ్చి అక్కడ వదిలారు. చీతాలను కాల్చింది రాజు, దాని బాకీ తీర్చింది సహరియాలు.

పంది చచ్చినంక సర్కారుది

చట్టం సంగతి మన కార్యకర్తలకు సరిగ్గా తెలిసి ఉండాలి. అడవి పంది వన్యప్రాణి చట్టంలో మొదట మూడో షెడ్యూలులో ఉండేది. 2022 సవరణతో రెండో షెడ్యూలుకు వచ్చింది. ఉచ్చు పెట్టినా, మందు పెట్టినా, పెట్టడానికి ప్రయత్నించినా వేట కిందికే వస్తుంది. మూడేండ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కూర వండుకుని తిన్నా కేసే.

ఎందుకంటే చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం అట్లా చచ్చిన జంతువు, దాని మాంసం సర్కారు ఆస్తి. ఇది ఎంత వింత న్యాయమో చూడండి. పంది మన చేను తినేటప్పుడు అది ఎవరిదీ కాదు. "అడవి జంతువు, మేమేం చేస్తం" అంటారు. అదే పంది చచ్చి పడితే వెంటనే యజమాని జీపేసుకుని దిగుతాడు. బతికి ఉన్నంతసేపు మేపుడు మన వంతు, చచ్చినంక ఆస్తి సర్కారు వంతు! దొర ఎడ్లు మన చేన్ల పడితే బందెల దొడ్డికి తోలేది. సర్కారు పంది పడితే ఏ దొడ్డికి తోలాలె?

అదే చట్టంలో మనకు పనికొచ్చే మాటలూ ఉన్నాయి. వాటిని మాత్రం ఎవరూ మనకు చదివి వినిపించరు. 11వ సెక్షన్ చూడండి. రెండో షెడ్యూలులోని జంతువు మనుషులకు గాని, ఆస్తికి గాని, నిలబడి ఉన్న పంటకు గాని ప్రమాదమైతే దాన్ని వేటాడటానికి రాష్ట్ర వన్యప్రాణి ముఖ్య అధికారి, లేదా ఆయన అధికారమిచ్చిన వ్యక్తి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. ప్రాణం కాపాడుకోవడానికి, ఎదుటి మనిషిని కాపాడటానికి సదుద్దేశంతో జంతువును చంపితే నేరం కాదని కూడా అదే సెక్షన్ చెప్తుంది. కేరళలో 2022లో ఈ అనుమతి అధికారాన్ని పంచాయతీ అధ్యక్షుల దాకా దించారు. అంటే తోవ ఉంది. ఆ తోవ మన వాడ దాకా వేయలేదు, అంతే.

తీగ పెట్టేది ఒకరు, చచ్చేది ఒకరు

ఇక కరెంటు తీగ. ఇది మనసు రాయి చేసుకుని రాయాల్సిన సంగతి. పందుల కోసం చేను చుట్టూ ఇనుప తీగ కట్టి, లైను మీద కొండి వేసి దొంగ కరెంటు పెడుతున్నారు. ఆ తీగకు పంది ఒక్కటే తగులుతుందా? తెల్లవారుజామున నీళ్ళు కట్టబోయే జీతగాడు తగులుతాడు. బహిర్భూమికి పోయే ముసలామె తగులుతుంది. గొర్ల వెంట పోయే పిల్లగాడు తగులుతాడు. పెద్ద రైతు చేన్ల చచ్చిన కూలీ శవం మీద పంచాయితీ జరుగుతుంది. "పొరపాటున జరిగింది, పిల్లల మొఖం చూసి రాజీ పడుండ్రి" అంటారు. శవం లేవకముందే ధర తేలుతుంది. అదే తీగకు పులి చస్తే హైదరాబాదు నుంచి బండ్లు దిగుతాయి, కుక్కలు వస్తాయి, కేసు గట్టిగా నిలబడుతుంది. పులి ప్రాణం విలువైనదే. మా జీతగాడి ప్రాణానికి కూడా అంతే కేసు ఎందుకు కట్టరు?

మనవాళ్ళలో కూడా కొందరు తీగ పెడుతున్నారు. వాళ్ళకు చేతులెత్తి చెప్తున్నా, తీసేయండి. మీ తీగకు తగిలేది కూడా మీ వాడ మనిషే.

పత్తి చేలో వంగిన నడుము

పందితో పోయేది పంట. పులితో పోయేది ప్రాణం. మహారాష్ట్ర అడవుల్లో పులులు పెరిగి ప్రాణహిత దాటి కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాకు వస్తున్నాయి. 2020 నవంబరులో ఒక్క నెలలోనే అక్కడ పులి ఇద్దరిని చంపింది. ఒకరు ఆదివాసీ యువకుడు, ఇంకొకరు పత్తి ఏరుతున్న అమ్మాయి. 2024 నవంబరు 29న కాగజ్‌నగర్ దగ్గర మళ్ళీ పత్తి ఏరబోయిన యువతి బలైంది. గమనించండి, నవంబరు, పత్తి చేను, వంగిన నడుము. వంగి పని చేసే మనిషి పులి కంటికి మెకంలాగా కనబడతాడని తెలిసినవాళ్ళు చెప్తారు. ఈ దేశంలో వంగి పని చేసే కులాలు ఏవో నేను చెప్పాల్నా?

మరి ఆ పులుల కోసం సర్కారు ఏం చేసింది? 2025 మే 30న జీవో 49 తెచ్చి అదే జిల్లాలో లక్షన్నర హెక్టార్ల దాకా అడవిని కన్జర్వేషన్ రిజర్వు అని ప్రకటించింది. స్థానికులతో సంప్రదించిన తర్వాతనే ప్రకటించాలని చట్టంలోని 36ఎ సెక్షన్ చెప్తుంది. ఆదివాసులు, పేదలు రోడ్డెక్కినాక జూలైలో ఆ జీవోను నిలిపేశారు. ముందే గ్రామసభ పెట్టి అడిగితే ఏం పోయేది?

మా నల్లమల సంగతి ఇంకా చిత్రం. అమ్రాబాద్ పులుల అడవిలో చెంచు మనిషి ఉంటే పులికి ఇబ్బంది అంటారు. ఊళ్ళు లేపడానికి ప్యాకేజీలు చెప్తారు. అదే అడవిలో యురేనియం కోసం బోర్లు వేయడానికి 2019లో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా సరేనన్నది. 83 చదరపు కిలోమీటర్ల మేర! జనం లేచి నిలబడితే, వద్దని అదే ఏడు సెప్టెంబరులో శాసనసభ తీర్మానం చేసింది. చెంచు పెంచే మేకకు భయపడే పులి బోరు మిషనుకు భయపడదా?

75 ఏండ్ల కాగితం

2006 అటవీ హక్కుల చట్టం మన చేతికి రావాల్సిన ఆయుధం. కాని అందులోనూ ఒక గోడ ఉంది. 2005 డిసెంబరు 13 నాటికి అడవి భూమి ఆధీనంలో ఉంటే ఆదివాసీకి హక్కు వస్తుంది. మిగతావాళ్ళు, అంటే మనం, మూడు తరాలుగా, 75 ఏండ్లుగా అడవిలో ఉండి దాని మీద బతికినట్టు రుజువు చూపాలి. 75 ఏండ్ల కింద మన తాతల పేర్లు రాసింది ఏ కాగితం? దొర వెట్టి లెక్కల్లోనా? బడి గడప తొక్కనియ్యని కులాన్ని ఇప్పుడు రాత చూపమంటున్నారు!

అయినా వెనక్కి తగ్గొద్దు. నిబంధనల్లో పెద్దమనుషుల వాంగ్మూలం కూడా సాక్ష్యమే అని రాసి ఉంది. బతికున్న ముసలోళ్ళను కూర్చోబెట్టి రాయించుకోండి, వేలిముద్రలు తీసుకోండి. హక్కుల విచారణ పూర్తయ్యేదాకా ఖాళీ చేయించకూడదని ఆ చట్టమే చెప్తుంది. అడవినీ జంతువునూ కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చిందీ ఆ చట్టమే. ఇది ఉత్త మాట కాదు. కర్ణాటకలో బిళిగిరి రంగన కొండల పులుల అడవిలో సోలిగ ఆదివాసులకు 2011లో సామూహిక హక్కులు ఇచ్చారు. పులులు తగ్గలేదు, పెరిగాయి. కాపలా పెట్టిన రాజస్థాన్ సరిస్కాలో 2005 నాటికి ఒక్క పులీ మిగల్లేదు. పులిని కాపాడేది తుపాకా, ఊరా? మీరే చెప్పండి.

రెండు గొంతులు, రెండూ మనవి కావు

ఈ విషయంలో ఇప్పుడు రెండు గొంతులే వినబడుతున్నాయి. ఒకటి పట్నం జంతు ప్రేమికులది. వాళ్ళు చల్లని గదుల్లో కూర్చుని ఒక్క పందినీ ముట్టొద్దంటారు. మనం మంచె మీద గడిపే రాత్రి ఎంత పొడుగో వాళ్ళకు తెలియదు. రెండోది ఊళ్ళో పెద్ద రైతులది. వాళ్ళు అన్నిటినీ కాల్చేయమంటారు. 2016లో బీహార్‌లోని మొకామాలో అట్లనే చేశారు. హైదరాబాదు నుంచి వేటగాళ్ళను పిలిపించి రెండు వందలకు పైగా నీల్గాయిలను కాల్పించారు. ఢిల్లీలో ఇద్దరు మంత్రులు తిట్టుకున్నారు. తుపాకీ లైసెన్సు ఎవరింట్లో ఉంటుందో మనకు తెలుసు. పంది పేరు మీద ఊళ్ళోకి తుపాకీ వస్తే అది రేపు ఎటు తిరుగుతుందో కూడా తెలుసు.

ఇక నష్టపరిహారం. పట్టాదారు పాసు పుస్తకం ఉన్నవాడికే పరిహారం రాస్తారు. కౌలుకు చేసే మాదిగ పేరు ఎక్కడుంటుంది? పంట పోయింది కౌలుదారుది, పైసలు పడేది పట్టాదారు ఖాతాలో. పంటల బీమాలో జంతువుల నష్టాన్ని 2026 వానకాలం నుంచి కలుపుతామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. 72 గంటల్లో ఫోన్ యాప్‌లో ఫోటోతో చెప్పాలట. అడవి అంచున సిగ్నల్ ఏది? కావలికి పోయి నిద్రలేక పడ్డ మనిషి గంటలు లెక్కబెట్టుకోవాల్నా?

మన తప్పు కూడా చెప్పుకోవాలి. మనం విగ్రహం కోసం కొట్లాడినం, రిజర్వేషన్ కోసం కొట్లాడినం. కొట్లాడాల్సిందే. కాని మక్క చేనుకు కావలున్న పిల్లగాడి రాత్రి మన ఏ మీటింగు తీర్మానంలోనూ ఎక్కలేదు. పంది సంగతి కూడా ఆత్మగౌరవ సంగతే అని మనం గుర్తించలేదు. మీతో పాటు నేనూ అందులో దోషినే.

మనం అడగాల్సింది

ఒకటి: అడవి జంతువు పంట తింటే వారం లోపల గ్రామసభ ముందు నష్టం రాయాలి. సాగు చేసినవాడి పేరే రాయాలి, కౌలుదారైనా, లావుని పట్టాదారైనా.

రెండు: ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం 2017లో వచ్చింది. ఆ నిధి నుంచి అడవి అంచు దళిత భూములకు మొదట సోలార్ కంచె వేయాలి. మనవాళ్ళు ఝట్కా మిషన్ అంటారే, అది. అది మనిషి ప్రాణం తీయదు, జంతువు ప్రాణం తీయదు.

మూడు: 11వ సెక్షన్ కింద అనుమతి గ్రామసభ అడిగితే గడువు లోపల తేల్చాలి. ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వలేదో రాసివ్వాలి.

నాలుగు: దొంగ కరెంటు తీగకు మనిషి చస్తే రాజీ లేదు. తీగ ఎవరిదైనా కేసు కేసే.

ఐదు: నీలగిరి, టేకు వరసల చోట ఇప్ప, తునికి, మోదుగ, గడ్డల మొక్కలు రావాలి. ఆ పని కూలి మనకే ఇవ్వాలి. పందికి అడవిలో బువ్వ దొరికితే మన చేనుకు ఎందుకొస్తుంది?

ఆరు: గ్రామసభ ఒప్పుకోకుండా రిజర్వూ వద్దు, ఖాళీ చేయించుడూ వద్దు, గనీ వద్దు.

ఇవి వచ్చేదాకా ఊరుకోవద్దు. మక్క చుట్టూ ఆముదం, పల్లి చుట్టూ ముళ్ళ కుసుమ నాలుగు వరసలు వేయండి. వ్యవసాయ శాస్త్రవేత్తలే చెప్పిన పద్ధతి ఇది, కొంత ఆపుతుంది. వంతులు వేసుకుని పెద్దవాళ్ళే కావలి పోండి. పిల్లల్ని పంపకండి. ఈ మాట చెప్పే హక్కు నాకుంది. మా నాయన రెండెకరాల పల్లి చేను కావలి తానొక్కడే ఉండి నన్ను బడికి పంపిండు. ఆయన నిద్ర చాలని రాత్రుల మీదనే నా డిగ్రీ నిలబడ్డది.

ఆ ఏడో తరగతి పిల్లగాడు మొన్న కూడా బల్ల మీద తల వాల్చాడు. ఈసారి లేపలేదు. కాసేపు పడుకోనిచ్చి, బడి వదిలినంక వాళ్ళ నాయనతో కలిసి ఊరి పటం గీశాం. ఏ గట్టు ఎవరిది, ఎన్ని రాత్రులు, ఎంత పంట, అన్నీ రాశాం. పదిహేడు కుటుంబాలు వేలిముద్రలు, సంతకాలు పెట్టినయి. వచ్చే గ్రామసభకు ఆ కాగితం పట్టుకుని పోతున్నాం. మీ ఊళ్ళో కూడా పటం గీయండి.

జై భీమ్!